నల్లరేగడిలో సెలీనియం దారి: గుంటూరు, ప్రకాశం మైదానాల ధాన్యపు పంటలు, గంధకపు ఎరువులు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తికీ మిరపకూ వేసే ఎరువుల లెక్కల్లో సెలీనియం పేరు ఎక్కడా కనిపించదు. మొక్క అవసరాల దృష్ట్యా అది కనిపించనక్కరలేదు కూడా. పైరు పెరగడానికి, పూతకు, గింజ కట్టడానికి సెలీనియం తప్పనిసరి అని ఉన్నతశ్రేణి మొక్కల విషయంలో ఇంతవరకు నిరూపణ కాలేదు. కాని ఆ పైరు గింజను తినే మనిషికీ, చొప్పను తినే పశువుకూ అది తప్పనిసరి. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ వంటి రక్షక ఎంజైములూ, థైరాయిడ్ హార్మోనును చురుకైన రూపంలోకి మార్చే ఎంజైములూ సెలీనియం లేనిదే పనిచేయవు. మొక్కకు అక్కరలేనిది, తినేవారికి కావలసినది కావడంవల్ల ఈ మూలకం విషయంలో దిగుబడి ఏ సూచననూ ఇవ్వదు. జింకు లోపిస్తే మొక్కజొన్న ఆకుపై తెల్లచారలు తేలుతాయి. సెలీనియం తక్కువైన మొక్కజొన్న పచ్చగా, నిండుగా పెరిగి బస్తాలకు బస్తాలు పండుతుంది.

నేలలో వేసిన వేర్వేరు ఎరువులనుబట్టి ధాన్యపు పంటలు సెలీనియాన్ని ఎలా గ్రహిస్తాయన్న ప్రశ్నకు గోధుమ, వరి, మొక్కజొన్నలపై ప్రపంచంలో పలుచోట్ల జరిగిన పరిశోధనలు చాలావరకు సమాధానమిచ్చాయి. ఆ సమాధానాలను ఈ మైదానాలకు అన్వయించేటప్పుడు ఒక విషయం ప్రధానంగా ముందుకు వస్తుంది. ఇక్కడి నేల స్వభావం సెలీనియాన్ని వేరుకు అందుబాటులో ఉంచేదే. కాని వాణిజ్య పంటలకోసం అదే నేలలో ఏటేటా చేరే గంధకం ఆ అందుబాటును వేరు గడపవద్దే అడ్డగిస్తుంది. అందువల్ల ఇక్కడ సెలీనియం ఎరువు ఎంత వేయాలన్న ప్రశ్నకన్నా, దాని పక్కన ఏ ఎరువు ఉన్నదన్న ప్రశ్న ముందు రావాలి.

తోబుట్టువుల వంటి రెండు మూలకాలు

సెలీనియం, గంధకం ఆవర్తన పట్టికలో ఒకే వర్గానికి చెందినవి. ఈ సంబంధం కేవలం పట్టికకు పరిమితం కాదు. 1817లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ సెలీనియాన్ని కనుగొన్నది సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేసే కార్ఖానా అడుగున మిగిలిన మడ్డిలోనే. ఫాలున్ గనుల పైరైట్ ఖనిజంలో గంధకంతోపాటు కొద్దిగా ఉన్న సెలీనియం ఆ మడ్డిలో చేరింది. గనిలో కలిసి ఉండే ఈ రెండూ వేరువద్ద మాత్రం పోటీదారులవుతాయి.

నేలలో సెలీనియం ప్రధానంగా నాలుగు స్థితుల్లో ఉంటుంది. బాగా గాలి ఆడే క్షార నేలల్లో అది సెలెనేట్‌గా ఉంటుంది. ఇది నీటిలో సులభంగా కరుగుతుంది, మట్టిరేణువులకు గట్టిగా అంటుకోదు. ఆమ్లత్వం గల నేలల్లో, తేమ అధికమై గాలి తగ్గిన నేలల్లో సెలెనైట్ రూపం పెరుగుతుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు దీన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. నీరు నిలిచి ప్రాణవాయువు పూర్తిగా తగ్గిన చోట అది ఇంకా క్షయకరణం చెంది మూలక సెలీనియంగా, లోహ సెలెనైడ్లుగా మారుతుంది. ఈ చివరి రెండు రూపాలూ వేరుకు దాదాపు అందనట్టే.

సెలెనేట్‌కు వేరులో ప్రత్యేకమైన ద్వారం ఏదీ లేదు. సల్ఫేట్‌ను లోపలికి తీసుకునే రవాణా ప్రొటీన్ల గుండానే అది ప్రవేశిస్తుంది. ఆ ప్రొటీన్లు రెండు అయాన్లనూ స్పష్టంగా వేరుచేయలేవు. నేలద్రావణంలో ఏది ఎక్కువ ఉంటే దానికే ఎక్కువ అవకాశం. పైగా మొక్కకు గంధకం చాలినప్పుడు ఆ ప్రొటీన్ల తయారీయే తగ్గుతుంది. అంటే గంధకపు ఎరువు సెలెనేట్‌ను రెండు విధాల దెబ్బతీస్తుంది: ద్వారం దగ్గర గుంపును పెంచుతుంది, ద్వారాల సంఖ్యను తగ్గిస్తుంది. గంధకం కొరత ఉన్న పైరు ఇందుకు విరుద్ధంగా ద్వారాలు పెంచుకుంటుంది; ఆ వెంట సెలెనేట్ కూడా అధికంగా లోపలికి వస్తుంది.

సెలెనైట్ దారి వేరు. వరిలో అది కొంతవరకు ఫాస్ఫేట్ రవాణా ప్రొటీన్ల ద్వారా, కొంతవరకు సిలికాన్‌ను తీసుకునే మార్గం ద్వారా వేరులోకి చేరుతుందని ఇటీవలి దశాబ్దాల పరిశోధనలు నిరూపించాయి. కనుక సెలెనైట్‌కు పోటీదారు గంధకం కాదు, ప్రధానంగా భాస్వరం. ఇక్కడ మరో మెలిక ఉంది. మట్టిరేణువులకు అంటిన సెలెనైట్‌ను ఫాస్ఫేట్ తొలగించి ద్రావణంలోకి విడుదల చేయగలదు కూడా. కాబట్టి భాస్వరపు ఎరువు ఒకచోట సెలీనియాన్ని పెంచినట్టు, మరోచోట తగ్గించినట్టు వచ్చే ఫలితాలు పరస్పర విరుద్ధాలు కావు. నేల ఏ రూపాన్ని ఎంత గట్టిగా పట్టి ఉంచిందన్న దానిమీద అవి ఆధారపడతాయి.

వేరులోకి చేరిన తర్వాత కూడా రెండింటి నడక ఒకటి కాదు. సెలెనేట్ దారువు వెంట త్వరగా ఆకులకు చేరి, గంధకాన్ని జీవసమీకరణ చేసే ఎంజైముల చేతిలోనే క్రమంగా సెలీనోసిస్టీన్, సెలీనోమిథియోనీన్ అనే అమైనో ఆమ్లాలుగా మారుతుంది. సెలెనైట్ అధికభాగం వేరులోనే సేంద్రియ రూపం పొంది అక్కడే నిలిచిపోతుంది. గింజలో చివరకు మిగిలేది ఎక్కువగా సెలీనోమిథియోనీన్. మనిషి శరీరం సులువుగా జీర్ణించుకునే రూపం ఇదే.

నల్లరేగడి ఇచ్చే సానుకూలత

సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి ప్రాంతాల నల్లరేగడి స్మెక్టైట్ జాతి బంకమన్నుతో కూడి, సాధారణంగా తటస్థ స్థితినుంచి క్షారత్వంవైపు మొగ్గి, చాలాచోట్ల సున్నపు గులకలతో ఉంటుంది. మెట్టగా సాగైనప్పుడు ఇటువంటి నేలలో సెలీనియం సెలెనేట్ రూపంవైపే మొగ్గుతుంది.

ఈ స్వభావపు ప్రాముఖ్యాన్ని మలావీ అనుభవం చక్కగా చూపుతుంది. ఆ దేశమంతటా మొక్కజొన్న గింజలనూ నేలలనూ పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడి ఆహారంలో సెలీనియం కొరత విస్తృతంగా ఉంది. అయితే నల్లరేగడి నేలల్లో పండిన మొక్కజొన్నలో మాత్రం ఇతర నేలల గింజకన్నా పది రెట్ల దాకా సెలీనియం కనిపించింది. ఆ నేలల పీహెచ్ 6.5 కన్నా ఎక్కువగా ఉండటమే ఇందుకు ముఖ్య కారణమని పరిశోధకులు వివరించారు.

గుంటూరు నల్లరేగడికి కూడా ఇదే వర్తిస్తుందని ఊహించడం సహజమే. కాని ఆ ఊహలో ఒక లోపం ఉంది. మలావీ చిన్నరైతు మొక్కజొన్న పొలానికీ, రెండు మూడు దశాబ్దాలుగా మిరప, పత్తి పండుతున్న పొలానికీ మట్టిరంగులో పోలిక ఉండవచ్చు. ఎరువుల చరిత్రలో పోలిక లేదు.

బస్తాలోని గంధకం

ఈ ప్రాంతపు రైతు గంధకం వేస్తున్నానని అనుకోడు. అతను వేసేది భాస్వరం, లేదా పొటాష్, లేదా జింకు. గంధకం వాటి వెంట వస్తుంది. ఎంత వస్తుందన్నది అతను ఎన్నుకున్న బస్తామీద ఆధారపడుతుంది. ఒక హెక్టారు మిరపకు 60 కిలోల భాస్వరం అందించాలనుకుందాం. దానికి డీఏపీ వాడితే సుమారు 130 కిలోలు చాలు, దానిలో గంధకం లేనట్టే. అదే భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌గా ఇస్తే 375 కిలోలు కావాలి. 11 శాతం చొప్పున లెక్కవేసినా 41 కిలోల గంధకం నేలలో చేరుతుంది. 20-20-0-13 కాంప్లెక్స్ ఎరువుగా ఇస్తే 300 కిలోలు పడుతుంది. పేరు చివరి అంకె చెప్పినట్టు అందులో 39 కిలోలు గంధకమే. పొటాష్‌లో 60 కిలోలు సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌గా వేస్తే మరో 21 కిలోలు చేరుతుంది. మ్యూరియేట్‌గా వేస్తే ఏమీ చేరదు. హెక్టారుకు 50 కిలోల జింకు సల్ఫేట్‌తో వచ్చేది 5 కిలోలు.

మిరపపై బూడిద తెగులుకు పిచికారీ చేసే నీటిలో కరిగే గంధకం కంటికి పసుపుగా కనిపిస్తుంది కనుక అందరి దృష్టీ దానిమీదే పడుతుంది. లీటరుకు 3 గ్రాముల చొప్పున హెక్టారుకు 500 లీటర్లు కొట్టినా ఒక్కసారికి చేరేది 1.2 కిలోలే. అసలు లెక్క బస్తాల్లో ఉంది. బోరునీటిలోనూ ఉంది: లీటరుకు 30 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉన్న నీటిని పంటకాలంలో 300 మిల్లీమీటర్ల మేర పెడితే, ఎరువుతో సంబంధం లేకుండానే 30 కిలోల గంధకం నేలలో చేరినట్టు.

దీనికి ఎదురుగా సెలీనియం పరిమాణాన్ని ఉంచితే పోటీ స్వరూపం తెలుస్తుంది. గింజలో సెలీనియం పెంచడానికి గోధుమ, మొక్కజొన్నలపై జరిగిన క్షేత్ర ప్రయోగాల్లో వాడే మోతాదు సాధారణంగా హెక్టారుకు 10 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. 39 కిలోల గంధకంలోని పరమాణువులను 10 గ్రాముల సెలీనియంలోని పరమాణువులతో పోలిస్తే, ఒక్క సెలీనియం పరమాణువుకు ఎదురుగా దాదాపు 9,600 గంధకపు పరమాణువులు నిలుస్తాయి. నేలలో అప్పటికే ఉన్న సల్ఫేట్ ఈ లెక్కలో లేనేలేదు.

ఈ పోటీకి క్షేత్రస్థాయి నిదర్శనం మన దేశంలోనే ఉంది, అయితే వ్యతిరేక దిశలో. పంజాబ్‌లోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ జిల్లాల కొన్ని గ్రామాల్లో శివాలిక్ కొండలనుంచి కొట్టుకువచ్చిన మట్టివల్ల సెలీనియం మితిమీరింది. పశువుల గిట్టలు, కొమ్ములు ఊడటం, మనుషుల జుట్టు రాలడం, గోళ్లు పాడవడం అక్కడ నమోదయ్యాయి. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ పొలాల్లో జిప్సం వేసి గోధుమ మొదలైన పంటల్లో సెలీనియం చేరికను గణనీయంగా తగ్గించగలిగారు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. పంజాబ్‌లో విషానికి విరుగుడుగా పనిచేసిన అదే సల్ఫేట్, సెలీనియం అంతంతమాత్రంగా ఉన్న నేలలో ఆహారపు నాణ్యతను తగ్గించే శక్తి అవుతుంది. రసాయన శాస్త్రం రెండుచోట్లా ఒక్కటే.

వరి మడి, ఆరుతడి చేను

ఒకే రైతు కమతంలోనే సెలీనియం రెండు రకాలుగా ప్రవర్తించడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. నాగార్జునసాగర్ కుడికాలువ కింద, కృష్ణా పశ్చిమ డెల్టాలో నీరు నిలిపిన వరి మడి ఉంటుంది. దానికి ఎగువన పత్తి, మిరప చేలుంటాయి. వరి కోసిన తర్వాత అదే మడిలో దుక్కి లేకుండా మొక్కజొన్న, జొన్న వేసే పద్ధతి తెనాలి, దుగ్గిరాల, బాపట్ల ప్రాంతాల్లో బాగా స్థిరపడింది.

నీరు నిలిచిన మడిలో సెలెనేట్ కొద్ది వారాల్లోనే క్షయకరణం చెందుతుంది. నాట్లకు ముందు దమ్ములో సెలెనేట్ ఎరువు వేయడం అందుకే వృథాకు దగ్గర. అక్కడ మిగిలే సెలెనైట్‌ను వరి వేరుచుట్టూ ఏర్పడే ఇనుపపూత కొంత పట్టివేస్తుంది. సల్ఫేట్ పోటీ కూడా ఇక్కడ బలహీనమే, ఎందుకంటే సల్ఫేట్ సైతం సల్ఫైడ్‌గా మారుతుంది. వరి విషయంలో నిర్ణాయక అంశం ఎరువు కన్నా నీటి యాజమాన్యం. మడిని మధ్యమధ్య ఆరబెట్టినా, వెద పద్ధతిలో విత్తి తొలిదశను మెట్టగా నడిపినా సెలీనియం లభ్యత మెరుగుపడే అవకాశం ఉంది. అయితే ఆరబెట్టిన మడిలో కాడ్మియం కదలిక కూడా పెరుగుతుందన్న సంగతిని విస్మరించరాదు.

పత్తి తర్వాత వేసే ఆరుతడి మొక్కజొన్న, జొన్నల పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. గులాబీరంగు పురుగు ఉధృతివల్ల పత్తిని డిసెంబరునాటికే తీసివేసి రెండో పంటకు వెళ్లమన్న సలహా వచ్చాక ఈ వరుస ప్రాధాన్యం పెరిగింది. గాలి ఆడే క్షార నల్లరేగడి, సెలెనేట్ రూపంలో సెలీనియం, వాణిజ్య పంట వదిలిన సల్ఫేట్: పోటీకి కావలసినవన్నీ ఇక్కడే కలుస్తాయి. నల్లరేగడిలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది కనుక సల్ఫేట్ పైపొరనుంచి కడిగిపోయినా దిగువ పొరల్లో నిలుస్తుంది. జొన్న వేరు లోతుకు దిగేది. పైపొర పరీక్షలో కనిపించని సల్ఫేట్ దానికి అక్కడ ఎదురవుతుంది. బెంటోనైట్ గంధకం గుళికల విషయం మరీ ఆసక్తికరం. అందులోని మూలక గంధకాన్ని నేల సూక్ష్మజీవులు నెలల తరబడి ఆక్సీకరణం చేస్తేగాని సల్ఫేట్ కాదు. ఖరీఫ్ పంటకు వేసినదానిలో కొంత రబీ జొన్న కాలంలో విడుదలవుతుంది. రైతు దృష్టిలో అది పత్తి ఎరువు. జొన్న వేరుకు అది సమకాలపు పోటీ.

శ్రీనాథుని పేర వాడుకలో ఉన్న చాటువుల్లో పలనాడు అనగానే జొన్నకూడే గుర్తుకు వస్తుంది. ఆనాటి జొన్నచేలో గంధకం వచ్చేది పశువుల ఎరువునుంచీ, వాననుంచీ, నేల సేంద్రియ పదార్థంనుంచీ మాత్రమే.

ఎంత చాలు, ఎంత ఎక్కువ

పెద్దవారికి రోజుకు 55 మైక్రోగ్రాముల సెలీనియం కావాలని అమెరికా ప్రమాణం చెబుతుంది; 400 మైక్రోగ్రాములు దాటరాదన్నది అదే ప్రమాణపు గరిష్ఠ పరిమితి. రోజుకు 400 గ్రాముల ధాన్యం తినే వ్యక్తిని తీసుకుంటే, కిలో గింజలో 0.02 మిల్లీగ్రాములుంటే ధాన్యంనుంచి 8 మైక్రోగ్రాములే అందుతాయి. 0.1 మిల్లీగ్రాముంటే 40 అందుతాయి. 1 మిల్లీగ్రాముంటే ధాన్యం ఒక్కటే గరిష్ఠ పరిమితికి చేరుస్తుంది. కొరతకూ విషానికీ నడుమ దూరం ఇంతే. చేపలు, గుడ్లు, మాంసం తరచుగా తినే ఇంటికి ఈ లెక్క అంత కీలకం కాదు. పూటపూటా అన్నం, పచ్చిపులుసు, పచ్చడితో గడిపే కూలి కుటుంబానికి గింజే ప్రధాన ఆధారం.

ఫిన్లాండ్ ఈ సమస్యను ఎరువుల కార్ఖానాలోనే ఎదుర్కొంది. 1984లో కాంప్లెక్స్ ఎరువుల్లో సోడియం సెలెనేట్ కలపాలని నిర్ణయించి, ధాన్యపు పంటల ఎరువుకు కిలోకు 16 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టింది. గింజలో, పాలలో, ప్రజల రక్తంలో సెలీనియం త్వరగా పెరగడంతో 1990లో మోతాదును 6 మిల్లీగ్రాములకు తగ్గించింది, తర్వాత మళ్లీ పెంచింది. కొలుస్తూ, సవరిస్తూ నడిపించడమే ఆ విధానపు బలం. దాన్ని యథాతథంగా ఇక్కడికి తేవడం సరికాదు. ఫిన్లాండ్‌లో ఆ ఎరువు నేరుగా ఆహారపు, పశుగ్రాసపు పంటలకే చేరింది. ఇక్కడ కాంప్లెక్స్ ఎరువులో పెద్దభాగం మిరపకూ పత్తికీ పోతుంది. 20-20-0-13 బస్తాలో సెలెనేట్ కలిపితే దానికి పోటీదారును అదే బస్తాలో కట్టి పంపినట్టవుతుంది. కలపవలసివస్తే యూరియాలోనో, డీఏపీలోనో కలపాలి.

ఇంకో మార్గం ఆకులపై పిచికారీ. పొట్టదశనుంచి పాలుపోసుకునే దశ లోపు కొద్ది గ్రాముల సెలెనేట్‌ను పిచికారీ చేస్తే నేలలోని సల్ఫేట్ పోటీ వేరువద్ద తప్పిపోతుంది. నేలలో వేసిన సెలెనేట్‌లో మూడో వంతుకు మించి పంటలోకి చేరడం అరుదు కనుక ఖర్చు లెక్కలోనూ ఇది మెరుగు. కాని గ్రాముల్లో కొలవవలసిన విషపదార్థాన్ని, మందు మోతాదు పెంచితే మంచిదన్న నమ్మకం బలంగా ఉన్న ప్రాంతంలో రైతు చేతికి నేరుగా ఇవ్వడం ప్రమాదకరం. ముందుగా పలుచన చేసి, యూరియా ద్రావణంలో కలిపి, నిర్ణీత పరిమాణపు పొట్లాలుగా ఇచ్చే ఏర్పాటు లేనిదే దీన్ని సిఫారసు చేయరాదు.

క్షేత్ర ప్రయోగానికి తగిన రూపం

లాంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, దర్శి పరిశోధన స్థానం వంటి చోట్ల ఈ అంశంపై పరిశోధన చేపట్టే విద్యార్థి సెలీనియం మోతాదులను మాత్రమే మార్చి చూస్తే అసలు ప్రశ్న చేజారుతుంది. భాస్వరం మోతాదును సమంగా ఉంచి, డీఏపీ, సూపర్, 20-20-0-13, డీఏపీతోపాటు బెంటోనైట్ గంధకం అన్న నాలుగు వనరులను పత్తికి వేసి, తర్వాతి జొన్నను సెలీనియంతోనూ సెలీనియం లేకుండానూ పండించాలి. సల్ఫేట్‌ను పైపొరలోనే గాక 60 నుంచి 90 సెంటీమీటర్ల లోతు వరకు కొలవాలి. లభ్య గంధకం కిలోకు 10 మిల్లీగ్రాముల సందిగ్ధ స్థాయి కన్నా తక్కువున్న పొలాన్నీ ఎక్కువున్న పొలాన్నీ వేర్వేరుగా తీసుకోవాలి. కొరత ఉన్న పొలంలో గంధకం వేయడం మానమని చెప్పే హక్కు ఈ పరిశోధనకు లేదు. మిగులు ఉన్న పొలంలో ప్రతి ఏడూ అలవాటుగా వేయడాన్ని ప్రశ్నించే హక్కు మాత్రం ఉంటుంది. గింజలో సెలీనియం గాఢతతోపాటు హెక్టారుకు మొత్తం గ్రహణాన్ని కూడా లెక్కించాలి. గంధకం, నత్రజనివల్ల దిగుబడి పెరిగి గింజలో సెలీనియం పలచబడటం ఒకటి. పోటీవల్ల మొత్తం గ్రహణమే తగ్గడం మరొకటి. గాఢత ఒక్కటే చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చొప్పను విడిగా విశ్లేషించడం కూడా అవసరం. ఆకుకు చేరిన సెలీనియం అంతా గింజకు తరలదు. గణనీయమైన భాగం చొప్పలోనే మిగులుతుంది. ప్రకాశం జిల్లాలో ఆ చొప్ప తినేది ఒంగోలు జాతి పశువులు. సెలీనియం కొరతవల్ల దూడల్లో కండరాలు తెల్లబడి బలహీనపడే వ్యాధి పశువైద్యానికి చిరకాలంగా తెలిసినదే. అందువల్ల నమూనాల సేకరణ కల్లంలో గింజతో ఆగిపోకుండా చొప్పవామి వరకు, వీలైతే అదే ఇంటి పాడిపశువు పాల వరకు సాగాలి.